పోను రెండు గంటల నలభై, రాను నలభై

నేనొక ఆడమనిషిని రెండు అంకెలు చూపించి ఊరు దాటించాను. ఆ అంకెలు రెండూ నిజమైనవే. దిద్దుబాటు లేదు, దొంగముద్ర లేదు. అయినా ఘోరం జరిగింది. చేసింది నేను.

నా పేరు మాణిక్యాలరావు. ఆ పేరు మా ఊళ్లో సగం మందికి తెలీదు. ముప్పై ఒక్క ఏళ్లు బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి అందరికీ కంట్రోలరు గారినే. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి తిరిగొచ్చింది, రాసుకోవడమే నా పని. ఆ పనిలో నాకొక సూత్రం ఉండేది. బస్సు పోయిన దారినే తిరిగొస్తుంది. పోవడానికి గంటా పది నిమిషాలు పడితే రావడానికీ గంటా పదే పట్టాలి. అయిదు నిమిషాలు అటూ ఇటూ వదిలేస్తాను. అంతకు మించి తేడా కనిపిస్తే ఎక్కడో ఎవడో అబద్ధమాడుతున్నాడన్నమాట.

ఆ సూత్రంతో చాలామందిని పట్టుకున్నాను. ఒక డ్రైవరు రోజూ తిరుగు ప్రయాణంలో అత్తారింటి ముందు బస్సాపి, పప్పూ ఆవకాయా కలుపుకుని తిని మరీ వచ్చేవాడు. వాణ్ని ఇరవై రెండు నిమిషాల తేడా పట్టించింది. ఆ కథ నేను చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. మనిషి మాట తప్పొచ్చు గానీ టైము తప్పదని చివర్లో ఒక ముక్క కూడా కలిపేవాణ్ని.

అందుకే 1999 డిసెంబరు పన్నెండో తారీఖు ఆదివారం పొద్దున్న లోవరాజు నా దగ్గరకొచ్చాడు.

లోవరాజు సూర్యారావు గారి కొబ్బరి కళ్లంలో కాయలు వలుస్తాడు. అతని భార్య సత్యదుర్గ నాలుగేళ్లుగా కువైటులో ఒక ఇంట్లో పని చేస్తోంది. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మలికిపురంలోని ఎస్టీడీ బూతుకి ఫోన్ చేసేది. లోవరాజూ, తొమ్మిదేళ్ల కూతురు రమ్యశ్రీ పావుగంట ముందే వెళ్లి బల్ల మీద కూర్చునేవారు. ఒక్క వారం తప్పలేదు. అలాంటిది ఆ ఏడాది ఆగస్టులో వరసగా మూడు శుక్రవారాలు ఫోన్ మోగలేదు.

నాలుగో వారం మోగింది. యజమానులు వేసవికని లండన్ వెళ్లేరని, పిల్లల్ని చూసుకోడానికి తననీ తీసుకెళ్లేరని, మధ్యలో జెనీవా అనే ఊరు కూడా వెళ్లొచ్చేమని సత్యదుర్గ చెప్పింది. లోవరాజు సంబరపడ్డాడు. మా ఊరి నుంచి లండన్ చూసిన మొదటి మనిషి నా పెళ్లామేనని కళ్లంలో అందరికీ చెప్పుకున్నాడు.

నవంబరులో ఆమె సెలవు మీద వచ్చింది. వచ్చిన పదిరోజులకి అమ్మిరాజు నోరు విప్పాడు. అమ్మిరాజు ఆడవాళ్లని గల్ఫుకి పంపే ఏజెంటు. సత్యదుర్గ మళ్లీ వెళ్లేటప్పుడు అతని చేతుల మీదుగా కాకుండా తన మేడమ్ నేరుగా పంపే వీసా మీద వెళ్తానంది. అంతటితో ఊరుకోకుండా మరో ఇద్దరికి కూడా ఆ దారి చెప్పింది. ఆ తర్వాతే అమ్మిరాజుకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆగస్టులో ఆ మూడు వారాలూ ఆమె లండన్‌లో లేదట. ఎవరో డ్రైవరుతో బొంబాయిలో ఉందట. చూసినవాళ్లున్నారట.

ఎవరు చూశారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ఆదివారం పది గంటలకి, లోవరాజు అడిగిన పంచాయితీకి కళ్లంలో కూర్చున్నాం. సూర్యారావు గారు కుర్చీలో, నేను పక్కన బెంచీ మీద. కాయలు వలిచేవాళ్లు పని ఆపి, వలిచిన కొబ్బరి డొక్కల రాశి మీద ఎక్కి కూర్చున్నారు. అమ్మిరాజు గేటు దగ్గర నిలబడ్డాడు. సత్యదుర్గ ఎవరూ పిలవకముందే వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు లేదు. గడువు అయిపోతోందని రెన్యూవల్‌కి విశాఖపట్నం పంపింది. పాత పుస్తకం తిరిగొస్తే అందులో లండన్ ముద్ర, జెనీవా ముద్ర రెండూ ఉంటాయని, పదిహేను రోజులు ఆగమని అడిగింది. ఈలోగా ఇది చూడండంటూ నాలుగు మడతల కాగితం ఒకటి లోవరాజుకిచ్చింది. ట్రావెల్స్ వాళ్లిచ్చిన ప్రయాణం కాగితం. జ్ఞాపకంగా దాచుకుందట. వెనకవైపు ఆ ఇంటి పిల్లాడు రంగు పెన్సిలుతో విమానం బొమ్మ గీశాడు.

లోవరాజు దాన్ని నాకందించాడు. ఆ కాగితం నిజమని నా నోటితో వినాలని అతని ఆశ. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. లండన్‌లో బయల్దేరడం పొద్దున్న పది గంటలకి. జెనీవాలో దిగడం పన్నెండు నలభైకి. వారం తర్వాత జెనీవాలో బయల్దేరడం సాయంత్రం ఆరుకి. లండన్‌లో దిగడం ఆరూ నలభైకి.

ఒంట్లో పాత ఉత్సాహం లేచింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఇంత పెద్ద తేడా నేనెప్పుడూ చూడలేదు.

"పోను రెండు గంటల నలభై నిమిషాలు," అన్నాను పైకి. "రాను నలభై నిమిషాలు. అదే దారి, అదే దూరం."

సూర్యారావు గారు మంచివారు. గోదాట్లో జనాన్నీ బళ్లనీ దాటించే పంటు కూడా పోటుకి ఒకలా, ఆటుకి ఒకలా నడుస్తుంది కదా, ఆకాశంలో ఎదురుగాలి ఉండదా అని అడిగారు. ఎంత ఎదురుగాలైనా నలభై నిమిషాల దూరాన్ని రెండు గంటల నలభై చెయ్యదని, అంత గాలుంటే విమానం వెనక్కే పోతుందని చెప్పాను. నలుగురూ తలాడించారు. దొంగ కాగితం టైపు చేసినవాడికి లెక్క రాలేదని తేల్చాను.

అప్పుడు సత్యదుర్గ ఒక మాట చెప్పింది. నన్ను చూసే చెప్పింది.

"బాబాయిగారూ, అక్కడ దిగేక మేడమ్ వాచీ గంట ముందుకి తిప్పుకుందండి. మళ్లీ లండన్ వచ్చేక వెనక్కి తిప్పిందండి. నాకెందుకో తెలీదు గానీ, తిప్పడం నేను చూసేను."

గల్ఫులో టైము వేరని మా ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. కానీ గల్ఫంటే సముద్రాలు దాటి పోవాలి. ఈ రెండు ఊళ్ల మధ్యా ప్రయాణం, కాగితం ప్రకారం, మనం కాకినాడ వెళ్లొచ్చినంత లేదు. మద్రాసుకీ ఢిల్లీకీ మారని టైము ఆ కాస్త దూరానికే మారుతుందా? నాకు నవ్వొచ్చింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది.

"మా బస్టాండులో ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లందరూ వాచీ తిప్పేవారేనమ్మా. తిప్పిన వాచీని పట్టుకునే నేను ఇంతవాణ్నయ్యాను," అన్నాను.

డొక్కల రాశి మీద వాళ్లు గొల్లుమన్నారు. అమ్మిరాజు అందరికంటే ఎక్కువ నవ్వాడు. సత్యదుర్గ పదిహేను రోజుల మాట మళ్లీ ఎత్తింది. దానికి సూర్యారావు గారు నావైపు చూశారు. ఆగుదామని ఒక్క ముక్క నేనంటే ఆగిపోయేవారు. అక్కర్లేదండి, టైము చెప్పేసిందిగా అన్నాను.

ఆ మధ్యాహ్నం లోవరాజు ఆమె సూట్‌కేసు తెచ్చి వీధి అరుగు మీద పెట్టాడు. రమ్యశ్రీని నాయనమ్మ లోపలికి లాక్కుపోయి తలుపేసింది. సత్యదుర్గ కాసేపు ఆ తలుపు ముందు నిలబడి, మలికిపురంలో పిన్నిగారింటికి వెళ్లిపోయింది. అక్కడా వదల్లేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు టైమెంతయింది సత్యదుర్గా, తిప్పి చెప్పవే అనేవారట. నా మాట నాకంటే ముందు మలికిపురం చేరిపోయింది. అది విన్నప్పుడు నాకు, ఇప్పుడు చెప్పుకోడానికి నోరు రావడం లేదు, కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పదకొండు రోజులు గడిచాయి.

డిసెంబరు ఇరవై మూడు గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మలికిపురం సెంటర్లో టీ తాగుతుంటే కృపారావు మాస్టారు కనిపించారు. హైస్కూల్లో సోషల్ చెప్తారు. రాజోలు నుంచి రోజూ నా బస్సుల్లోనే వచ్చేవారు. క్రిస్మస్ నక్షత్రానికి రంగు కాగితాలు కొనుక్కుని చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నారు. ఆయనకి టీ చెప్పి, నా కథ మొదలెట్టాను. అత్తారింట్లో తిని వచ్చిన డ్రైవరు పాతబడిపోయాడు. ఇప్పుడు నా దగ్గర అంతకంటే పెద్ద కథుంది.

ఆయన నవ్వుతూ వింటున్నారు. వాచీ తిప్పిన దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది. గ్లాసు బల్ల మీద పెట్టారు.

"ముందుకి తిప్పిందన్నాదా, వెనక్కా?"

వెళ్లినప్పుడు ముందుకి, వచ్చినప్పుడు వెనక్కి అని చెప్పాను.

"ఎంత?"

గంట అన్నాను.

మాస్టారు చుట్టలోంచి ఒక రంగు కాగితం లాగి బల్ల మీద పరిచారు. అందులో ఒక చివర లండన్ అని, మరో చివర జెనీవా అని పెన్నుతో చుక్కలు పెట్టారు. రెంటికీ మధ్య ఏడువందల యాభై కిలోమీటర్లుంటుందన్నారు. మన దేశం మొత్తానికి ఒకటే గడియారం, అది మన సౌకర్యం కోసం పెట్టుకున్నాం, అక్కడ దేశానికో గడియారం అన్నారు. లండన్‌లో పదయితే అదే క్షణంలో జెనీవాలో పదకొండు. కాగితం మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు.

"ఇప్పుడు మీరే లెక్క కట్టండి కంట్రోలరు గారూ."

పది గంటలకి లండన్‌లో బయల్దేరింది. పన్నెండు నలభైకి జెనీవాలో దిగింది. అప్పటికి లండన్‌లో పదకొండు నలభై. అంటే గంటా నలభై నిమిషాలు.

ఆరింటికి జెనీవాలో బయల్దేరింది. ఆరూ నలభైకి లండన్‌లో దిగింది. అప్పటికి జెనీవాలో ఏడూ నలభై. గంటా నలభై నిమిషాలు.

పోను గంటా నలభై, రాను గంటా నలభై. అయిదు నిమిషాలు కాదు, ఒక్క నిమిషం తేడా లేదు. నా సూత్రం ప్రకారం అంత నిజాయితీ గల కాగితం నా సర్వీసు మొత్తంలో నా చేతికి రాలేదు.

టీ చల్లారిపోయింది. చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూశాను. మొదట నాకొచ్చిన ఆలోచన సత్యదుర్గ గురించి కాదు, అది.

మాస్టారే అడిగారు, ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందని.

పిన్నిగారిల్లు అక్కడికి రెండు వీధులు. పరుగెత్తాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న పిన్నిగారు నన్ను చూసి చాట కింద పెట్టింది. లేదంది. ఒంటిగంట బస్సుకి సఖినేటిపల్లి వెళ్లిందంది. రేవు దాటి నరసాపురంలో హైదరాబాదు రైలెక్కుతుందంది. ఎల్లుండి రాత్రికి బొంబాయిలో విమానం. అంతా చెప్పి, చాట మళ్లీ చేతిలోకి తీసుకుని, నాకు వీపు పెట్టింది.

ఒంటిగంట బస్సు ఒంటిగంటా ఇరవై ఎనిమిదికి రేవు చేరుతుంది. ఆ టైము నేనే రాసిపెట్టాను. ఇప్పుడు ఒకటీ యాభై. మధ్యాహ్నం పూట పంటు బళ్లు నిండేదాకా కదలదు. గురువారం సరుకు ఆటోలు తక్కువ. ఇంకా ఇవతలే ఉండొచ్చు. ఎదురుగా వస్తున్న మోటారు సైకిలు ఆపి, ఎక్కి, అతని భుజం పట్టుకున్నాను. దారంతా లెక్క కడుతూనే ఉన్నాను. రేవుకి ఇంకా పద్దెనిమిది నిమిషాలు. పదిహేడు. ఎదురుగా కొబ్బరి లారీ ఒకటి అడ్డం పడింది. నాలుగు నిమిషాలు పోయాయి.

రేవులో దిగేసరికి పంటు గొలుసు విప్పుతున్నారు. పంచె ఎగ్గట్టి నీళ్లలోంచి వెళ్లి పలక మీదికెక్కాను. పంటు నడిపే సరంగు తిట్టాడు. అరవై రెండేళ్ల మనిషికి ఇదేం పాడుబుద్ధి అన్నాడు. నిజమే.

సత్యదుర్గ అవతలి చివర సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. లేవలేదు.

దగ్గరికెళ్లి, వంగి, మెల్లగా చెప్పాను. కాగితం నిజమేనని. తప్పు నాదేనని. గడియారం సంగతి నాకు తెలీలేదని. పక్కన చేపల గంపల ఆడవాళ్లున్నారు, మోటారు సైకిళ్ల మీద కుర్రాళ్లున్నారు. వాళ్లకి వినిపించకూడదని గొంతు ఇంకా తగ్గించాను.

"ఆ రోజు మైకు లేకుండానే ఊరందరికీ వినిపించేరు కదండి," అంది. "ఇప్పుడు గొంతు పోయిందేం బాబాయిగారూ?"

చేపల గంపలామె తలెత్తి చూసింది. నేను నిటారుగా నిలబడ్డాను. పంటు ఇంజను మోత మీద, అందరికీ వినిపించేలా, మొదట్నుంచీ మళ్లీ చెప్పాను. రెండు ఊళ్ల పేర్లూ, రెండు టైములూ, వాచీ సంగతీ, నేనన్న మాటా, జనం నవ్విన నవ్వూ. నా పేరు కూడా చెప్పాను. పంటు మీద ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్లు గోదావరి వైపు చూశారు.

పూర్తయ్యాక, వెనక్కి రమ్మని, ఈ ఒక్క రైలు వదిలెయ్యమని బతిమాలాను. పాత పాస్‌పోర్టు కూడా వచ్చి ఉంటే నేనే తీసుకెళ్లి ఇంటింటికీ ముద్రలు చూపిస్తానన్నాను.

ఆమె చేతిసంచి తెరిచింది. రెండు పాస్‌పోర్టులు తీసింది, కొత్తదీ, మూల కత్తిరించిన పాతదీ. పాతదాన్ని ఒక పేజీ దగ్గర తెరిచి నా ముఖం ముందు పట్టుకుంది. లండన్ ముద్ర. పక్క పేజీలో జెనీవా ముద్ర. ఆగస్టు తారీఖులు. మొన్న సోమవారమే పోస్టులో వచ్చాయట.

"మూడు రోజులయింది," అన్నాను. "ఎవరికీ చూపించలేదా?"

"ఎవరికి చూపించాలండి? ముద్ర చూసి నమ్మితే ముద్రని నమ్మినట్టు. నన్ను కాదు కదండి." పుస్తకం మూసింది. "మీరూ లెక్క తేలిందని వచ్చేరు. తేలకపోతే వచ్చేవారా?"

నాలుగేళ్లు వారం తప్పకుండా ఫోన్ చేసిన మనిషి. ఎప్పుడు ఎదురుపడినా నాకు దండం పెట్టే పిల్ల. మాటకి ఆ మాత్రం విలువ ఇవ్వకుండా కాగితంలో అంకెలు వెతికాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, చదివింది నేను. అమ్మిరాజు మాటకి మాత్రం ఏ కాగితం అడగలేదు.

నరసాపురం గట్టు దగ్గరపడింది. ఆమె లేచి సూట్‌కేసు అందుకుంది. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. దిగేముందు ఒక్కటే అడిగింది. అది అడిగినట్టు లేదు, పని చెప్పినట్టుంది.

"అదే కళ్లంలో, అంతమంది ముందూ చెప్పండి. మా రమ్యశ్రీ వినాలి."

మర్నాడు పొద్దున్న ఇంటింటికీ నేనే వెళ్లి పిలిచాను. కంట్రోలరు గారు మళ్లీ ఏదో పట్టుకున్నారనుకుని ఉత్సాహంగా వచ్చారు. అమ్మిరాజు కూడా వచ్చాడు, అదే గేటు దగ్గర నిలబడ్డాడు. లోవరాజు కూతుర్ని తీసుకురానన్నాడు. ఆ పిల్ల రాకపోతే నేను నోరు విప్పనన్నాను. తెచ్చాడు.

బెంచీ మీద కూర్చోలేదు. నిలబడి చెప్పాను. కృపారావు మాస్టారు గీసిచ్చిన రంగు కాగితం గోడకి అతికించి, రెండు చుక్కలూ చూపించి, లెక్క కట్టి చెప్పాను. పాస్‌పోర్టులో ముద్రలు నా కళ్లతో చూశానని చెప్పాను. సూర్యారావు గారు కుర్చీలో కిందికి చూస్తూ కూర్చున్నారు. డొక్కల రాశి మీద నుంచి ఒకడు, అంటే వాచీ తిప్పడం నిజమేనా అండి అన్నాడు. నిజమే అన్నాను. ఈసారి ఎవరూ గొల్లుమనలేదు. నవ్వనందుకు నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నవ్వితే నా వంతు కొంచెం తీరేదేమో.

అమ్మిరాజు వైపు తిరిగి, బొంబాయిలో చూసిన మనిషి పేరు చెప్పమన్నాను. నేను చూసేనని ఎప్పుడన్నానండి, ఎవరో అనుకుంటుంటే విన్నాను అన్నాడు. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి అని అడిగాను. పన్నెండు రోజుల కిందట అడగాల్సిన మూడు ప్రశ్నలు. అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. లోవరాజు డొక్కల రాశి పక్కన కూలబడి రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

రమ్యశ్రీ మాత్రం గోడ మీది కాగితం దగ్గరే ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. పిల్లకి అర్థమయ్యేలా చెప్పాలని నా వాచీ విప్పి, మొదట ముందుకి తిప్పి, తర్వాత వెనక్కి తిప్పి చూపించాను. అర్థమైందా అమ్మా అన్నాను.

ఆ పిల్ల వాచీ వైపు చూడలేదు.

"అమ్మ ఆ రోజే చెప్పింది కదండి తాతగారూ," అంది.

ముప్పై ఒకటో తారీఖు శుక్రవారం వచ్చింది. నేను ఎస్టీడీ బూతుకి ఎదురుగా, కిళ్లీ కొట్టు చాటున నిలబడ్డాను. లోవరాజూ రమ్యశ్రీ బల్ల మీద కూర్చున్నారు. లోవరాజు గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది. అక్కడ ఒంటిగంటన్నర. ఆ లెక్క ఇప్పుడు నాకు బాగా వచ్చు.

రమ్యశ్రీ చాలాసేపు మాట్లాడింది. ఒకసారి నవ్వింది కూడా. లోవరాజు లేచి నిలబడి చెయ్యి చాచాడు. పిల్ల రిసీవరు చెవికే పెట్టుకుని, అవతలి మాట విని, తండ్రి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఫోన్ పెట్టేసింది. లోవరాజు చాచిన చెయ్యి అలాగే కాసేపు ఉండిపోయింది.

ఎంతసేపు మాట్లాడారో నేను వాచీలో చూడలేదు.